తలుపున్న అబద్ధం

మా వదిన పోయిందని నేను చెబితే మా బజారులో ఎవరూ నమ్మలేదు.

మంగళవారం పొద్దున దవాఖాన నుంచి మా అన్న ఫోన్ చేశాడు. "మీ వదినె పోయిందిరా," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. నేను అప్పుడే షట్టరు ఎత్తి, ముందురోజు విప్పి పెట్టిన బోరు మోటారు ముందు కూర్చున్నాను. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన నాది మోటార్ల వైండింగ్ షాపు. లేచి, ఎదురుగా ఉన్న చాయ్ హోటల్‌కి పోయి, "మా వదినె పోయింది," అన్నాను.

హోటలాయన గ్లాసులు కడుగుతూ తల కూడా ఎత్తలేదు. "ఏడికి పోయింది? మళ్ల మాల్దీవులకా?"

"కాదు. సచ్చిపోయింది."

"పోరా. మొన్న నా బర్రె చెరువుల దిగవడ్డదని ఉరికిచ్చినవ్. పోయి జూస్తె కొట్టంలనే పండుకొని నెమరేస్తున్నది. ఇయ్యాల మీ వదినెను సంపుతున్నవా? ఆగు, ఆమెకే జెప్త."

పక్క బల్ల మీద కూర్చున్న ఇద్దరు నవ్వారు. అలవాటుగా ఒక చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టాడు హోటలాయన. దాన్ని పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. చాయ్ మీద మీగడ కట్టింది. అప్పుడు ఆయన నా ముఖం చూశాడు. చూసి, పొయ్యి ఆర్పేశాడు.

ఇన్నేళ్ల కొంటెపనుల తర్వాత ఊళ్ళో నా నోటికి మిగిలిన పరపతి అంత. ఒక నిజం చెప్పడానికి ఒక చాయ్ చల్లార్చుకోవాల్సి వచ్చింది. వదినకు ఈ సంగతి చెబితే "మంచిగైంది నీకు" అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

మా వదిన ఇంగ్లీషు టీచరు. చివరి కొన్నేళ్ళు మాల్దీవుల్లో ఒక చిన్న ద్వీపంలో, పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లలకు ఇంగ్లీషు చెప్పింది. ఆమె పాఠం చెప్పే పద్ధతిలో నాకూ ఒక పని ఉండేది. ఆ పని గురించి నేను రాయకపోతే ఇంకెవరూ రాయరు. ఎందుకంటే, ఆ పని అబద్ధాలాడటం.

ఆమె మా ఇంటికి కోడలుగా వచ్చేనాటికి నేను పదో తరగతి ఇంగ్లీషులో మూడుసార్లు తప్పి, ఒక మోటారు మిస్త్రీ దగ్గర పని నేర్చుకుంటున్నాను. ఆమెది మీర్‌పేట, డిగ్రీ చదువు. పెళ్లయిన నెలలోపే మా ఊళ్ళో ఒక ప్రైవేటు బడిలో చేరింది. బడికి పోయిన మొదటిరోజు ఆమె టిఫిన్ డబ్బాలో అన్నం తీసేసి, బరువులో తేడా తెలియకుండా మోటారు బేరింగులు పేర్చి పెట్టాను. సాయంత్రం ఇంటికొచ్చింది. డబ్బా కడిగి బోర్లించింది, బేరింగులు తుడిచి నా మంచం మీద పెట్టింది. నాకే భయమేసింది.

మరునాడు మధ్యాహ్నం నేను పనిదగ్గర నా డబ్బా తెరిస్తే లోపల ఒక కాగితం ఉంది. "నీ అన్నం ఎక్కడుందో నాకు తెలుసు. ఇంగ్లీషులో అడిగితే చెప్తా." పౌరుషానికి మూడింటి దాకా ఆగాను. మూడు దాటాక బడి గేటు దగ్గరికి పోయి, ఇంటర్వెల్‌కి బయటికి వచ్చిన ఆమెతో, పిల్లలంతా చూస్తుండగా, "వేర్ ఈజ్ మై రైస్?" అన్నాను.

"ఒక్క తప్పు లేదు మర్దీ," అంది, సంచిలోంచి నా అన్నం తీసిస్తూ. "పరీక్ష రోజు గూడ నీకు అన్నం పెట్టకుండ తోలాల్సుండె. పాసయ్యేటోనివి."

ఆమె చదువు చెప్పే తీరంతా ఆ మాటలోనే ఉంది. ఆకలి పుట్టిస్తే మాట దానంతటదే వస్తుందనేది. పిల్లలకు ఏదో ఒకటి అడగాల్సిన అవసరం, ఎదురు చెప్పాల్సిన అవసరం తెచ్చిపెట్టాలి. మిగతాది వాళ్ళే చూసుకుంటారు.

కరోనాలో ఆమె బడి మూతపడింది. మళ్ళీ తెరవలేదు. ఇంట్లో ఊరికే కూర్చోలేక నా షాపుకి వచ్చి కూర్చునేది. రాగి తీగ చుట్లు లెక్కపెట్టడం నేర్చుకుంది. నేను మాటల్లో పడి లెక్క తప్పినప్పుడల్లా "నూటపన్నెండు కాదు, నూటపద్నాలుగు" అనేది. ఒకరోజు ఫోన్‌లో ఏదో చదువుతూ, "మాల్దీవుల్ల ఇంగ్లీష్ టీచర్లు కావాల్నట," అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

చుట్టాలు ఊరుకుంటారా. ఆడమనిషి, నలభై దాటినంక, సముద్రం నడుమ ఒక్కతే ఎట్లుంటది, మొగుడు ఎట్ల ఒప్పుకున్నడు అని మా అన్న మీద పడ్డారు. మా అన్న బస్సు కండక్టరు, మాట తక్కువ మనిషి. "నేను దినాం నాగార్జునసాగర్ దాక పోయొస్త. ఆమె జర ఇంకింత దూరం పోతది. గంతేగద," అన్నాడు. పాలిటెక్నిక్ హాస్టల్లో ఉన్న వాళ్ళ కొడుకు కూడా పొమ్మనే అన్నాడు. తుక్కుగూడ మీదుగా విమానాశ్రయానికి కారులో తీసుకుపోయింది నేనే. దారంతా ఆమెను నవ్వించాలని చూశాను. దిగేటప్పుడు మాత్రం, "మర్దీ, ఆడ నాకు ఎవరూ తెల్వదు. ఫోన్ జేస్తె ఎత్తు," అంది.

పదిహేను రోజులకు ఫోన్ వచ్చింది. ఆమె గొంతులో నీరసం నేను ఎప్పుడూ వినలేదు.

"నోరు తెరుస్తలేరు మర్దీ. ముప్పై మంది. సముద్రంల సొరచేప పక్కన ఈత గొడ్తరట, నన్ను జూస్తె తల దించుతరు. వాళ్ళ భాషల వాళ్ళు మస్తు ముచ్చట వెడ్తరు. ఇంగ్లీష్ అనంగనే బండరాళ్లే. రాస్తరు గని మాట్లాడరు."

"ఎందుకట?"

"తప్పు వోతె నవ్వుతరని. నీ లెక్క సిగ్గులేనోళ్ళు కాదు గద."

దారి దొరికింది అనుకోకుండా. ఒకరోజు నేను వీడియో కాల్ చేశాను. ఇంట్లో ఉందనుకుంటే, క్లాసులో ఉంది. వెనకాల బెంచీల మీద పిల్లలంతా కనిపించారు, కిటికీలోంచి నీలంగా సముద్రం కూడా. అంతమందిని చూడగానే నా నోరు ఊరుకోలేదు. నాకొచ్చిన ఇంగ్లీషులో, "మా ఇబ్రహీంపట్నం చెరువు మీ సముద్రం కంటే పెద్దది," అన్నాను.

 వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "నో అంకుల్," అన్నాడు. ఇంకొకడు లేచాడు. చెరువుకి అటువైపు ఒడ్డు కనిపిస్తుందా అని అడిగాడు. కనిపించదు, మా ఒడ్డు మేమే చూడలేదు అన్నాను. చెరువులో తిమింగలాలున్నాయా అని ఇంకో పిల్ల. ఉన్నాయి, ఆదివారం ఆదివారం కట్ట మీదికొచ్చి పల్లీలు తింటాయి అన్నాను. ఇక చూడండి. నా మాట అబద్ధమని నిరూపించడానికి పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు, ఇంగ్లీషులోనే. వదిన బల్లకు ఆనుకుని, చేతులు కట్టుకుని, అట్లాగే చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం ఆమే ఫోన్ చేసింది. "మర్దీ, నీ నోటికి జన్మల ఒక్కసారి పని దొరికింది. వారానికో అబద్ధం చెప్పాలె."

అట్లా మొదలైంది శుక్రవారం క్లాసు. శుక్రవారం అక్కడ బడికి సెలవు. పొద్దున నేను ఫోన్‌లో ఒక అబద్ధం మాట్లాడి వాళ్ళ గ్రూపులో పెట్టాలి. పిల్లలు తమ గొంతుతోనే జవాబు పంపాలి, రాయకూడదు. ప్రతి జవాబూ "అంకుల్, ఇది నిజం కాదు, ఎందుకంటే" అని మొదలవ్వాలి. నాకు అర్థం కాకపోతే మళ్ళీ చెప్పాలి. గ్రూపులో వాళ్ళ సొంత భాష వాడకూడదు. మంచి ఇంగ్లీషు అంటే ఏమిటని ఒక పిల్లవాడు అడిగితే, "మా మరిదికి అర్థమయ్యేది," అని చెప్పిందట. తమకంటే తక్కువ వచ్చినవాడి ముందు ఎవరికైనా ధైర్యమేనని ఆమె లెక్క. పదో తరగతి మూడుసార్లు తప్పిన మనిషి ఆమెకు అట్లా పనికొచ్చాడు.

కొండల గురించి చెప్పడం నాకు మహా సరదా. ఆ ద్వీపాల్లో కొండ అనేదే లేదు. మనిషి ఎత్తు దిబ్బ కూడా ఉండదట. మా దిక్కున ఎటు చూసినా గుట్టలు, గుట్టల మీద ఒకదానిమీదొకటి పేర్చినట్టు బండలు. ఎండాకాలం ఆ బండలు నీడ కోసం పక్కకు జరుగుతాయని చెప్పాను. సగం మంది కాదన్నారు, సగం మంది ఎంత దూరం జరుగుతాయని అడిగారు. మా బర్రెలకు నంబరు ప్లేట్లుంటాయన్నాను. బర్రె ఫోటో పెట్టమన్నారు. హోటలాయన బర్రె కొమ్ముకు నా స్కూటరు నంబరు ప్లేటు కట్టి ఫోటో తీసి పంపాను. దాని మీద రెండు వారాలు కొట్లాడారు.

కానీ ముప్పై మందిలో ఒక పిల్ల మాట్లాడలేదు. మూడో బెంచీ, గోడపక్కన. ఒక్క శుక్రవారం కూడా ఆ పిల్ల జవాబు రాలేదు. పదో తరగతి చివర ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ఒకటి ఉంటుంది. అందులో నోరు తెరవకపోతే ఆ పిల్ల పైచదువు అక్కడితో ఆగిపోతుంది. వదిన ప్రతి ఫోన్‌లో ఆమె గురించే చెప్పేది. "అందరికన్న మంచిగ రాస్తది మర్దీ. లోపల మాటలున్నయి. బయటికి రాలె."

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి.

వారం వారం దొరికిపోయీ దొరికిపోయీ నాకు దురద ఎక్కువైంది. ఒక్కసారన్నా దొరకని అబద్ధం ఆడాలనుకున్నాను. వాళ్ళ ద్వీపానికి పడవ ఏ రోజు ఏ వేళకు వస్తుందో మాటల్లో వదిననే అడిగి తెలుసుకున్నాను. ఆ శుక్రవారం గ్రూపులో, "వచ్చే శుక్రవారం మూడింటి పడవకు నేను మీ ఊరొస్తున్నా. నేను మోటార్ల మిస్త్రీని. మీ ఇళ్ళల్లో చెడిపోయిన మోటార్లు తెండి, బాగుచేస్తా," అన్నాను. తిమింగలాల్లేవు, నడిచే బండలు లేవు. అన్నీ జరగగల మాటలే. మామూలుగానే జవాబులొచ్చాయి. ఇది నిజం కాదు, ఎందుకంటే మీ దగ్గర పాస్‌పోర్టు లేదని టీచర్ చెప్పారు. ఇది నిజం కాదు, ఎందుకంటే మీకు నీళ్ళంటే భయం. ఓడిపోయాననుకుని నవ్వుకుని మరిచిపోయాను.

తర్వాతి శుక్రవారం రాత్రి వదిన దగ్గర్నుంచి తెలుగులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఆ పిల్ల నమ్మింది మర్దీ. వాళ్ళింట్ల నీళ్ళ మోటారు చెడిపోయి నెలాయె. చేతి బండి మీద మోటారు వెట్టుకొని వచ్చి పడవలు ఆగే కాడ కూసున్నది. పడవ వచ్చింది, పోయింది. పొద్దుగూకెదాక గాడనే ఉన్నది. చేతుల కాగితమున్నది. మోటారుకు ఏమైందో నీకు జెప్పెతందుకు ఇంగ్లీష్‌ల రాసుకొని మొత్తం కంఠతా వట్టింది. తోటి పిల్లలు జూసి నవ్విన్రు. ఇంటికి వోయి తలుపేసుకున్నదట."

ఆ మెసేజ్ నేను మళ్ళీ వినలేదు. ఒక్కసారికే సరిపోయింది.

తెల్లారేదాకా ఆగలేక వెంటనే ఫోన్ చేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఇట్లా అంది, "నవ్వించెతందుకు చెప్పే అబద్ధానికి ఒక తలుపుండాలె మర్దీ. ఇన్నోళ్ళు నవ్వుకుంట బయటికొచ్చే తలుపు. తిమింగలాలు పల్లీలు తింటయన్నవ్, అది తలుపు. ఈపాలి నువ్వు తలుపు వెట్టలె. ఆ పిల్ల లోపల్నే ఉండిపోయింది."

"తప్పైంది వదినె."

"నాది గూడ తప్పే. మాట్లాడనోళ్ళు నమ్మరనుకున్న. మాట్లాడనోళ్ళే నమ్ముతరని తెల్వకపాయె."

క్షమాపణ ఇంగ్లీషులో రాసిపెట్టమని ఆమెను బతిమాలాను. ఒప్పుకోలేదు. "నువ్వే చెప్పు. తప్పులుండని. తప్పుల్లేకపోతె నేను రాసిచ్చిన్నని తెలుస్తది. అప్పుడది ఇంకో అబద్ధమైతది."

మోటారు వచ్చిన అట్టపెట్టె చింపి, దాని మీద మార్కరుతో రాసుకున్నాను. రెండు రోజులు పట్టింది. చాయ్ హోటల్లో ఎవరన్నా ఏందది అంటే రైతు చిరునామా అన్నాను. చివరికి దాన్ని చూసి ఫోన్‌లో మాట్లాడి, ఆ పిల్ల ఒక్కదానికే పంపాను. నేను అబద్ధం చెప్పాను. చెడ్డ అబద్ధం. నేను రాలేను, కానీ మోటారు బాగుచేయగలను. ఇక్కడినుంచే చేస్తాను. నా కళ్ళూ చేతులూ నువ్వే. నీ మోటారు ఏమంటోంది? ఇంతే. ఇందులో ఎన్ని తప్పులున్నాయో నాకు తర్వాత తెలిసింది.

మూడు రోజులు ఏమీ రాలేదు. నాలుగో రోజు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. నాలుగే నాలుగు సెకన్లు. నొక్కితే అందులో మాట లేదు. ఒక ఆడపిల్ల నోరు మూసుకుని, గొంతులోంచి, "ఊఁ" అంటోంది. మోటారు చేసే చప్పుడు.

అంత స్పష్టంగా మోటారు రోగం నాకు ఏ రైతూ చెప్పలేదు. మూలుగుతోంది, తిరగడం లేదు. అంటే తీగ కాలలేదు. కండెన్సర్ పోయింది. మోటారుకు మొదటి తోపు ఇచ్చే చిన్న డబ్బా అది. అది పోతే కరెంటు లోపలికి వస్తూనే ఉంటుంది, మోటారు మూలుగుతూ అక్కడే ఉంటుంది.

వదినకు ఫోన్ చేసి చెప్పాను.  "ఆ పిల్ల గూడ గంతే గదరా," అంది. ఆమె నన్ను 'రా' అనడం అదే మొదలు, అదే చివర. "లోపల కాలింది ఏం లేదు. ఒక్క తోపు కావాలె."

ఆ పదిరోజులు నేనూ ఆ పిల్లా మాట్లాడుకున్న ఇంగ్లీషు ఏ పుస్తకంలోనూ ఉండదు. ముందు కరెంటు తీగ పీకేయమన్నాను, నాన్న పక్కన లేకుండా ముట్టుకోవద్దన్నాను. ఆ డబ్బా ఏ రంగు, దాని మీద ఏం రాసి ఉంది, ఉబ్బిందా అని అడిగాను. నాకు పదం రాకపోతే చేత్తో చూపించి ఫోటో పంపేవాణ్ణి. ఆమెకు నేను అర్థం కాకపోతే ఒక్క మాట వచ్చేది, "మళ్ళీ చెప్పండి." తర్వాత రెండు మాటలు. తర్వాత వాక్యం. ఆమె ఉబ్బింది అని చెప్పడానికి, "అది భోజనం ఎక్కువ తిన్నట్టుంది," అంది. కొత్త కండెన్సర్ వాళ్ళ రాజధాని నుంచి పడవ మీద వచ్చింది. వాళ్ళ నాన్న బిగించాడు. ఒక పొద్దున, నేను చాయ్ తాగుతుంటే, నీళ్ళు బకెట్లో పడుతున్న చప్పుడు వచ్చింది ఫోన్లో. దాని మీదుగా ఆ పిల్ల గొంతు.

"అంకుల్, తిరుగుతోంది."

వెనకే ఇంకో మెసేజ్. నేను పంపిన క్షమాపణలో తొమ్మిది తప్పులున్నాయని, ఒక్కొక్కటీ విడమరిచి చెప్పింది. రెండు నిమిషాల పైచిలుకు మాట్లాడింది. నేను దాన్ని వదినకు పంపాను. వదిన విని, "పదో తప్పు గూడ ఉన్నది, ఆ పిల్ల జూడలె," అంది. ఆ ఏడాది చివర ఆ పిల్ల మాట్లాడే పరీక్షకు పోయి, మోటారు గురించే మాట్లాడి, పాసయ్యింది.

వదిన ఒంట్లో బాగులేక తిరిగొచ్చింది నిరుడు. ఏ జబ్బో రాయను, ఆమెకు ఆ పేరు పలకడం ఇష్టం లేదు. దవాఖానకు పోవడం, రావడం, మంచం. శుక్రవారం మాత్రం ఆగలేదు. పొద్దున్నే నేను అన్న ఇంటికో దవాఖానకో పోయి ఆమె మంచం పక్కన కూర్చుని అబద్ధం చెప్పేవాణ్ణి. చెప్పేముందు ఆమె వినేది. "తలుపేది?" అని అడిగేది. చూపిస్తే సరే అనేది. జవాబులు వస్తుంటే కళ్ళు మూసుకుని వినేది. గ్రూపులో తర్వాత చేరిన కొత్త పిల్లల గొంతులు కూడా ఆమెకు తెలుసు. "వీడు నిన్న చేపలు వట్ట వోయిండు, నిద్ర దీరలె," అనేది. నేను నమ్మక, ఆ పిల్లవాణ్ణే అడిగితే, నిజమే అన్నాడు.

చివరి వారం దవాఖానలో ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంటే, మెల్లగా అంది. "శుక్రవారం ఆపకు మర్దీ. నీ అబద్ధాలు ఆగిపోతె, వాళ్ళకు నిజం జెప్పే పనుండదు."

"నువ్వు లేకపోతె తలుపెవరు జూస్తరు?"

"నీకు తెల్వదా ఇప్పుడు?"

వైకుంఠధామంలో ఆమెను సాగనంపి తిరిగొచ్చిన తర్వాత రెండు రోజులకే శుక్రవారం వచ్చింది. అన్న వరండాలో కూర్చుని ఉన్నాడు. "పిల్లలకు జెప్పాలెరా," అన్నాడు. "నాకు ఇంగ్లీష్ రాదు. నువ్వే జెప్పు."

చెప్పాను. మీ టీచర్, మా వదిన, మంగళవారం చనిపోయారు. ఆ వాక్యంలో తప్పులేదనుకుంటా. వందసార్లు లోపల అనుకుని పంపాను.

జవాబులు వచ్చాయి. శుక్రవారం కదా. వాళ్ళకు నేర్పినదే వాళ్ళు చేశారు.

అంకుల్, ఇది నిజం కాదు, ఎందుకంటే నా వ్యాసం టీచర్ దగ్గరే ఉంది, దిద్ది పంపుతానన్నారు. అంకుల్, ఇది నిజం కాదు, ఎందుకంటే పోయిన శుక్రవారం ఆమె దగ్గు విన్నాను, చిన్న దగ్గే. ఇది నిజం కాదు, ఎందుకంటే మీరు ఎప్పుడూ అబద్ధమే చెబుతారు. ఒక్కొక్కరి ఇంగ్లీషు ఎంత బాగుందో. ఎక్కడా తడబాటు లేదు.

"ఏమంటున్నర్రా?" అన్నాడు అన్న.

"వదినె సావలేదంటున్నరు."

"ఎందుకట?"

ఒక్కొక్క కారణం తెలుగులో చెప్పాను. అన్న నేలచూపులు చూస్తూ విన్నాడు. అయిపోయాక, "మళ్ల జెప్పు," అన్నాడు. మళ్ళీ చెప్పాను.

అప్పుడు ఆ మోటారు పిల్ల నుంచి మెసేజ్ వచ్చింది. ఇప్పుడు పిల్ల కాదు. అదే ద్వీపంలో, అదే బడిలో, ఎనిమిదో తరగతికి సహాయ టీచరుగా చేరింది. ఒక్క ప్రశ్న అడిగింది. "అంకుల్, ఈ మాటకు తలుపు ఉందా?"

వదిన ఆ మాట వాళ్ళకు కూడా చెప్పిందని నాకు అప్పటిదాకా తెలియదు.

"లేదు," అన్నాను.

కాసేపటికి ఆ పిల్ల గ్రూపులో వాళ్ళ సొంత భాషలో ఏదో మాట్లాడింది. అన్నేళ్ళలో ఆ గ్రూపులో ఆ భాష వినపడటం అదే మొదటిసారి. ఆ తర్వాత ఒక్క జవాబూ రాలేదు. ఆ పిల్ల నోరు మళ్ళీ మూతపడితే ఎట్లా అన్నదే నా భయం. ఆ ఒక్క నోరు తెరవడానికి వదిన ఎంత ఆగిందో నాకు తెలుసు. వారమంతా ఫోన్ నిశ్శబ్దంగా ఉంది.

నిన్న మళ్ళీ శుక్రవారం. షాపులో ఉన్నాను. మోటారు కోసం వచ్చిన రైతు ఒకాయన ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. ఫోన్‌లో ఆ పిల్ల గొంతు వచ్చింది. గొంతు బొంగురుపోయి ఉంది, కానీ మాట నిలకడగా ఉంది.

"అంకుల్, నా క్లాసులో ఇరవై ఆరు మంది ఉన్నారు. ఎవరూ నోరు తెరవడం లేదు. కొత్త గ్రూపు పెట్టి అందరినీ చేర్చాను. వాళ్ళకు మీ చెరువు గురించి చెప్పండి."

చేతులు గుడ్డతో తుడుచుకున్నాను. గొంతు సరిచేసుకుని, "మా ఇబ్రహీంపట్నం చెరువు మీ సముద్రం కంటే పెద్దది," అన్నాను ఇంగ్లీషులో. "దాంట్లో తిమింగలాలున్నాయి. ఆదివారం కట్ట మీదికొచ్చి పల్లీలు తింటాయి." పంపి, ఫోన్‌ను వైబ్రేషన్‌లో ఉంచి, విప్పిన మోటారు ఇనుప మూత మీద పెట్టాను.

"ఏం జెప్పినవ్ ఇంగ్లీష్‌ల?" అన్నాడు రైతు. తెలుగులో చెప్పాను. "నీ యవ్వ, చెరువు యాడన్న సముద్రం కన్న పెద్దగుంటదా? పోయినేడు ఎండకాలం నా మోకాలు గూడ మునగలె."

"గది నువ్వు గాదు, వాళ్ళు జెప్పాలె," అన్నాను.

ఇద్దరం ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నాం. రోడ్డు మీద రెండు బస్సులు పోయాయి. హోటలాయన చాయ్ తెచ్చి పెట్టాడు. తర్వాత ఇనుప మూత మీద ఫోన్ ఒకసారి "ఊఁ" అంది. ఆగింది. మళ్ళీ అంది. ఆ తర్వాత ఆగలేదు. ఒకరి వెనక ఒకరు, వెనక ఇంకొకరు. నున్నటి మూత మీద మూలుగుతూ మూలుగుతూ, ఫోన్ మెల్లగా తిరగడం మొదలుపెట్టింది.